కోలారు గనుల్లో దొంగలెవరు?

చరిత్ర విద్యార్థులు హంపీ వెళతారు, అజంతా వెళతారు. కోలారు బంగారు గనులకు వెళ్ళేవారు తక్కువ. వెళ్ళిన ఆ కొద్దిమందికీ అక్కడ చూపించేవి దొరల బంగళాలు, క్లబ్బు, చర్చి, గోల్ఫు మైదానం. ఒకప్పుడు ఈ ఊరిని ‘చిన్న ఇంగ్లండు’ అనేవారని గర్వంగా చెబుతారు. అది ఎవరికి ఇంగ్లండో మాత్రం చెప్పరు.

మన విద్యార్థి ముందుగా చూడవలసింది ఊరి నడుమ కొండల్లా లేచిన బూడిదరంగు దిబ్బలను. అవి కొండలు కావు. రాతిని పిండికొట్టి, సైనైడు ద్రావణంతో బంగారాన్ని కరిగించి తీసుకున్న తరవాత పారబోసిన పిండి అది. నూటయిరవై ఏళ్ళ శ్రమ అలా దిబ్బలుపడి ఉంది. బంగారం మాత్రం ఆ ఊళ్ళో ఎక్కడా కనిపించదు.

ఈ బంగారాన్ని ఎవరు కనిపెట్టారు? పుస్తకాలను అడిగితే లవెల్ అనే మాజీ సైనికుడి పేరు చెబుతాయి. అతడు 1873లో మైసూరు ప్రభుత్వాన్ని అనుమతి కోరిన మాట నిజమే. కాని అంతకు డెబ్బయి ఏళ్ళ ముందే, 1802లో, వారెన్ అనే సర్వే అధికారి ఉరిగాం, మారికుప్పం గ్రామస్థులు మట్టిని కడిగి బంగారం తీయడం కళ్ళారా చూశాడు. వాళ్ళు తవ్విన గుంటలను గురించి రాశాడు కూడా. 1880లో లండనుకు చెందిన జాన్ టేలర్ కంపెనీ రంగంలో దిగింది. వాటాదారుల సొమ్ము దాదాపు ఖర్చయిపోయిన దశలో వాళ్ళకు అసలు పొర దొరికింది ఆ పాత గుంటల అడుగునే. అంటే దారి చూపింది ఊరివాళ్ళ తవ్వకాలు. ఆ పొరకు స్థిరపడిన పేరు ‘ఛాంపియన్’. కనిపెట్టడమనే మాట వలసపాలకుల నిఘంటువులో ఇలాంటి అర్థాన్నే ఇస్తుంది.

గనిలోకి దిగినవారు ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చిన దళితులు. తమిళులు అధికం; తెలుగువారూ ఉన్నారు. చిత్తూరు ప్రాంతం 1911 దాకా ఆ జిల్లాలోదేనని గుర్తుంచుకుంటే ఇందులో వింత లేదు. ఊళ్ళో కరువు, అంటరానితనం, భూమి లేకపోవడం — ఈ మూడూ తరిమితే గనికి వచ్చినవాళ్ళు. అగ్రకులాల పెరట్లో చాకిరీ కన్న భూగర్భంలో చాకిరీ మేలనుకున్నారంటే, ఆ ఊళ్ళు ఎలాంటివో మనమే గ్రహించుకోవాలి.

1902లో కావేరి మీద శివసముద్రంలో విద్యుత్తు పుట్టింది. ఆ తీగ తొంభైమైళ్ళకు పైగా ప్రయాణం చేసి నేరుగా ఈ గనులకు వచ్చింది. బెంగుళూరుకు దీపాలు రావడానికి మరో మూడేళ్ళు పట్టింది. ఆసియాలో ఇంత గొప్ప ప్రయత్నం అరుదని ఇంజనీర్లు అన్నారు, అది సబబే. కాని ఆ విద్యుత్తుతో యంత్రాలు తిరుగుతుండగా కూలీలు కాపురమున్నది తడికల గుడిసెల్లో.

నేను ఎక్కువగా ఆగదలచింది దొంగతనం దగ్గర. కంపెనీకి ఎడతెగని భయం ఒకటి ఉండేది: కూలీ రాతిముక్క దాచుకుపోతాడేమోనని. అందుకోసం 1897లో మైసూరు ప్రభుత్వం ప్రత్యేకంగా గనుల చట్టం చేసింది. మామూలు చట్టంలో నేరాన్ని రుజువు చేయవలసినవాడు ఫిర్యాది. ఇక్కడ అలా కాదు. ఖనిజం చేతిలో కనిపిస్తే, అది తనకు న్యాయంగా వచ్చిందని నిరూపించుకోవలసినవాడు కూలీయే. టన్నుల కొద్దీ బంగారం ఓడలెక్కి పోతున్నప్పుడు ఎవరూ ఎవరినీ రుజువు అడగలేదు. దానికి రాయల్టీ అనే గౌరవనీయమైన పేరుంది, రసీదు ఉంది. మహారాజు, కంపెనీ ఆ రసీదు దగ్గర ఒక్కటయ్యారు.

1930లో పేర్లు నమోదు చేయించుకుని వేలిముద్రలు వేయాలన్నారు. అప్పటికి అక్కడ చెప్పుకోదగ్గ సంఘం లేదు. అయినా వేలాది కార్మికులు పని మానేసి, మూడు వారాలు గనిలోకి దిగలేదు. కూలి పెంచమనే కోర్కెల కన్న ముందు ఆ సమ్మెలో నిలిచినది తాము దొంగలం కామన్న మాట. పొట్టకోసమే శ్రామికుడు పోరాడతాడనే పండితులు దీన్ని కాస్త ఆలోచించాలి. పదహారేళ్ళ తరవాత కమ్యూనిస్టుల నాయకత్వాన సంఘం బలపడింది. 1946 నవంబరు 4న పోలీసు కాల్పుల్లో ఆరుగురు కార్మికులు చనిపోయారు.

గని లోతు చివరకు మూడు కిలోమీటర్లు దాటింది. అంత లోతున రాతి వేడి అరవై డిగ్రీల సెల్సియస్‌కు పైమాట. ఒత్తిడికి బండ ఉన్నట్టుండి పేలుతుంది. మనిషిని బయటికి తీసేలోపు అంతా అయిపోతుంది. పేలుడుకు చిక్కనివాడి ఊపిరితిత్తుల్ని రాతిధూళి మెల్లగా తినేది. 1965లో ఇవే గనుల లోపల శాస్త్రజ్ఞులు విశ్వకిరణాల నుంచి పుట్టిన న్యూట్రినోల జాడ పట్టుకున్నారు. పాఠ్యగ్రంథాల్లో కోలారు పేరు గౌరవంగా కనిపించేది బహుశా ఆ ఒక్కచోటే.

1956లో గనులు మైసూరు ప్రభుత్వపరమయ్యాయి, తరవాత కేంద్రం చేతికి వెళ్ళాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ ఏర్పడింది. దొర పోయాడు, షాఫ్టు మిగిలింది. 2001 ఫిబ్రవరి 28న అదీ మూతపడింది. నష్టాల లెక్క చూపించారు. అప్పటిదాకా ఇదే సంస్థ కింద మన చిత్తూరు జిల్లాలో నడిచిన చిగురుగుంట గనికీ అదే గతి పట్టింది. గనులు మూసేశాక, తాతలు భూమిలోకి దిగిన కుటుంబాల నుంచి వేలమంది మారికుప్పంలో తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరుకు కూలికీ, కొలువులకూ వెళ్ళడం మొదలుపెట్టారు.