ఓడెక్కిన మనిషి, ఇంట్లో నంబరు

మా ఫ్రిజ్ మీద ఒక చిన్న బటన్ల ఫోన్ ఉంటుంది. దాంతో ఎవరూ మాట్లాడరు. రాత్రి చార్జింగ్ పెట్టడం, గడువు తప్పకుండా రీచార్జి చేయించడం నా పని. ఇంటికొచ్చినవాళ్లు "ఎవరిదండీ ఇది?" అంటే "మా పెద్దాడిది, వాడు ఓడ మీదున్నాడు" అంటాను. "మరి ఫోన్ ఇక్కడుందేంటి?" అని వెంటనే అడుగుతారు. దానికి జవాబు చెప్పాలంటే మా మావయ్యగారి దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

మాది విశాఖపట్నంలో సింధియా. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ ఇక్కడ ఓడల తయారీ మొదలుపెట్టినప్పుడు ఆయన కంపెనీ పేరు ఈ చోటుకి అంటుకుంది. కంపెనీ చేతులు మారినా బస్సు కండక్టర్లు ఇప్పటికీ అదే పేరు అరుస్తారు. 1970ల్లో మావయ్యగారు సీమన్. అప్పట్లో ఓడెక్కాలంటే బొంబాయో కలకత్తానో వెళ్లి, ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసులో పేరు రాయించుకుని, వంతు వచ్చేదాకా కాచుకోవాలి. ఎక్కాక ఇక కబురే లేదు. ఉత్తరం కంపెనీకి రాస్తే వాళ్లు ముందు రాబోయే రేవులో ఏజెంటుకి పంపేవారు. ఆలోగా ఓడ కదిలిపోతే ఉత్తరం దాని వెనకాలే రేవులు తిరిగేది. మా మరిది పుట్టిన సంగతి ఆయనకి నలభై రోజులకి తెలిసిందట. అత్తయ్యగారు ఇది నవ్వుతూనే చెప్పేవారు గానీ, ఆ నలభై రోజులూ ఆవిడ నవ్వి ఉండరు.

డబ్బు మాత్రం నెల తప్పలేదు. దాని పేరు అలాట్‌మెంట్. ఓడెక్కే ముందు, ఒప్పందం మీద సంతకం పెట్టేటప్పుడే, జీతంలో ఇంత భాగం ఫలానా మనిషికి నెలనెలా పంపండి అని సీమన్ రాయించేవాడు. ఓడ ఏ సముద్రంలో ఉన్నా కంపెనీ ఆఫీసు ఆ డబ్బు ఇంటికి పంపాలి. బ్రిటిష్‌వాళ్ల 1894 చట్టంలోనే ఈ ఏర్పాటు ఉంది, మన 1958 మర్చంట్ షిప్పింగ్ చట్టంలోనూ ఉంచారు. అత్తయ్యగారికి అది మనియార్డరుగా వచ్చేది. పోస్ట్‌మాన్ గుమ్మంలో కూర్చుని డబ్బు లెక్కపెట్టి, ఆవిడ చేత సంతకం పెట్టించుకునేవాడు. ఐదో తరగతి చదివిన మనిషి. "నా పేరు మీద వచ్చేదే అమ్మా, ఎవర్నీ అడగక్కర్లేదు" అనేవారు. ఆ మాట విలువ నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తెలీలేదు.

ల్యాండ్‌లైన్ కోసం ఏళ్లు ఎదురుచూస్తే 90ల్లో వచ్చింది. మా వారు ఓడెక్కడం మొదలుపెట్టిందీ ఆ రోజుల్లోనే. రేవులో దిగితే బూత్ నుంచి చేసేవారు. ఓడలో శాటిలైట్ ఫోన్ ఉండేది గానీ నిమిషానికి డాలర్లు, అందుకని "అంతా బాగేనా? సరే ఉంటా" అంతే. కంపెనీ కాగితాల్లో 'దగ్గరి బంధువు' అన్నచోట ఈ ల్యాండ్‌లైన్ నంబరే రాశారు. తర్వాత సెల్‌ఫోన్లు వచ్చాయి, లైఫ్‌టైమ్ సిమ్‌లు వచ్చాయి. ల్యాండ్‌లైన్ తీసేద్దామని నేను ఎన్నిసార్లు అన్నా అత్తయ్యగారు ఒప్పుకోలేదు.

ఇంతలో బ్యాంకులు మారాయి. కార్డుతో ఆన్‌లైన్‌లో కొనాలంటే కార్డు మీద లేని ఇంకో రహస్యం కూడా అడగాలని రిజర్వ్ బ్యాంక్ 2009 ఆగస్టు నుంచి నియమం పెట్టింది. మోసాలు ఆగాలంటే అది అవసరమే, కాదనను. ఆ రహస్యం మెల్లగా ఓటీపీ అయింది. ఓటీపీ ఫోన్ నంబరుకే వస్తుంది. ఆ నంబరు సిమ్ మా వారి జేబులో, ఆయన పసిఫిక్‌లో, అక్కడ సిగ్నల్ లేదు.

2018 చివర్లో లైఫ్‌టైమ్ సిమ్‌కి కూడా రీచార్జి తప్పదన్నారు. 2019 ఫిబ్రవరిలో మా వారు తొమ్మిది నెలల కాంట్రాక్టు మీద వెళ్లారు. ఇంటి ఖర్చు నెలనెలా నా ఖాతాలో దానంతటదే పడేలా పెట్టి వెళ్లారు కాబట్టి ఆ నంబరు సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. వాట్సాప్ ఓడలో వైఫై మీద నడిచింది. అక్టోబర్లో ఒకరోజు ఆయన బొమ్మ పోయి, ఆ చోట ఎర్ర మోటార్‌సైకిల్ వచ్చింది. ఫోన్ చేస్తే ఎవరో కుర్రాడు "ఎవరు కావాలండీ?" అన్నాడు. నంబరు రద్దయి, వేరేవాళ్లకి వెళ్లిపోయింది. వాడుక లేక ఆగిన నంబరుని 90 రోజుల తర్వాత ఇంకొకరికి ఇవ్వచ్చని, బ్యాలెన్స్‌లో 20 రూపాయలుంటే ఆపకూడదన్న ట్రాయ్ నియమం 2013 నుంచీ ఉందని నేను ఆ తర్వాత తెలుసుకున్నాను.

సరిగ్గా ఆ వారమే అత్తయ్యగారు బాత్రూంలో జారి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్‌కి ముందు డబ్బు కట్టమన్నారు. డబ్బుంది, ఆయన ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో. బ్యాంకుకి వెళితే "ఖాతాదారు రావాలమ్మా" అన్నారు. "ఆయన సముద్రంలో ఉన్నారండీ" అన్నాను. "అయితే రిజిస్టరైన నంబరుకి ఓటీపీ వస్తుంది" అన్నారు. వస్తుంది, ఆ కుర్రాడికి. పాపం బ్యాంకాయన తప్పు కాదు, నా పేరు ఏ కాగితంలోనూ లేదు. ఆ రోజుకి గాజులు తాకట్టు పెట్టి ఆపరేషన్‌కి కట్టాను.

ముంబైలో కంపెనీ ఆఫీసుకి ఫోన్ చేశాను. నేనే భార్యనని వాళ్లకేం తెలుసు? "మీ ఫైల్లో ఉన్న ఇంటి నంబరుకి మేమే చేస్తాం, ఎత్తండి" అన్నారు. పది నిమిషాల్లో ల్యాండ్‌లైన్ మోగింది. వాళ్లు ఓడకి మెయిల్ పెట్టారు. మా వారు కెప్టెన్ ద్వారా రాసిచ్చిన కాగితంతో ఆ నెల జీతంలో ముప్పావు వంతు నేరుగా నా ఖాతాకి పంపారు. ఆ ఉత్తరం మీద ఏముందో చూస్తే 'అలాట్‌మెంట్'. అత్తయ్యగారి మనియార్డరు మాటే. ఇప్పుడు అది అంతర్జాతీయ ఒప్పందంలోనూ ఉంది. నావికుడి సంపాదన ఇంటికి చేరే దారి యజమాని చూపాలని 2013లో అమల్లోకి వచ్చిన సముద్ర కార్మికుల ఒప్పందం చెబుతుంది. మన దేశం 2015లో దాన్ని ఒప్పుకుంది.

మా వారు దిగాక కొత్త నంబరు తీసుకుని బ్యాంకులో మార్పించారు. ఇక్కడి ఖర్చులకి నేను తీసుకునేలా ఖాతాకి నా పేర మాండేట్ రాయించారు. పోయినేడు పెద్దాడు ఓడెక్కేటప్పుడు "నాకెందుకమ్మా, ఓడలో ఇంటర్నెట్ ఉంటుంది" అన్నాడు. నిజమే, సిబ్బందికి నెట్ ఇవ్వాలని అదే ఒప్పందంలో 2024 డిసెంబర్ నుంచి చేర్చారు. అయినా ముందు అలాట్‌మెంట్ కాగితం, తర్వాత మాండేట్, ఆ తర్వాతే సూట్‌కేసు అన్నాను. సిమ్ తీసి ఈ బటన్ల ఫోన్‌లో వేయించాను. ఓటీపీ వస్తే వాడికి వాట్సాప్‌లో పెడతాను. "ఎవరితోనూ పంచుకోవద్దు" అని ఆ మెసేజ్ కిందే ఉంటుంది, చదువుతూనే పెడతాను.

తుంటి బాగయ్యాక అత్తయ్యగారు ఇంకో మూడేళ్లున్నారు. ల్యాండ్‌లైన్ బిల్లు ఇప్పటికీ మావయ్యగారి పేరు మీదే వస్తుంది. ఈ నెలది ఇంకా కట్టాలి.