పెనిసిలిన్‌ను అదుపులో పెట్టిన ఆసుపత్రి

పెనిసిలిన్‌ను సూదిమందుగా రోగులకు ఇయ్య మొదలిడినది 1941లో. దానిని విరుగగొట్టు పదార్థము కొన్ని క్రిములలో కలదని అబ్రహాం, చెయిన్ అను శాస్త్రజ్ఞులు ఆక్స్‌ఫర్డులో 1940లోనే కనుగొని, దానికి పెనిసిలినేజ్ అని పేరు పెట్టిరి. మందు రోగిని చేరకముందే దాని విరుగుడు కనబడినదన్నమాట.

ఆ రోజులలో ఈ మందు ఎంత అరుదైనదనగా, రోగుల మూత్రమును పట్టి ఉంచి, అందుండి పెనిసిలిన్‌ను మరల తీసి వాడుకొనిరి. యుద్ధము ముగియునప్పటికి పెద్ద తొట్లలో బూజును పెంచు పద్ధతి అమెరికాలో కుదిరి, మందు సమృద్ధిగా దొరకసాగెను. అక్కడ కొన్నాళ్లు వైద్యుని చీటీ లేకయే పెనిసిలిన్ చప్పరింపు బిళ్లలు అమ్మిరి. కరవు తీరినది, కరవు నేర్పిన పొదుపును మరచిరి.

దాని ఫలితమును లెక్కగట్టి చూపినది లండనులోని హామర్‌స్మిత్ ఆసుపత్రి ప్రయోగశాలలో పనిచేసిన మేరీ బార్బర్. చీము పుట్టించు స్టాఫిలోకాకస్ అను క్రిమి సూక్ష్మదర్శినిలో ద్రాక్షగుత్తివలె కనబడును. సెగగడ్డలు, బాలింతల రొమ్ముగడ్డలు, శస్త్రచికిత్స గాయములు చీము పట్టుట, ఇవన్నియు తరచుగా దాని పనియే. ఆ ఆసుపత్రి రోగులనుండి తీసిన ఈ క్రిములలో పెనిసిలిన్‌కు లొంగనివి 1946లో నూటికి 14, 1947లో 38, 1948లో 59. రెండేండ్లలో నాలుగింతలు!

క్రిమి రోగి శరీరములో మందునకు అలవాటుపడి మొండిదగుచున్నదని మనము సులభముగా అనుకొందుము. బార్బర్ చూపినది వేరు. పెనిసిలినేజ్‌ను తయారుచేయగల క్రిములు మొదటినుండియు కొద్దిగా ఉన్నవి. లొంగునవి మందు వలన చావగా, ఖాళీ అయిన చోటును అవి ఆక్రమించినవి. చేనిలో పైరును పెరికి కలుపును విడిచిన ఏమగునో అదియే జరిగినది. పిమ్మట నర్సుల, వైద్యుల చేతులమీదను, ముక్కులలోను చేరి, ఒక మంచమునుండి మరియొక మంచమునకు ప్రాకినవి. పెనిసిలిన్ చుక్కయైనను ఎరుగని రోగికి కూడ, ఆసుపత్రిలో చేరిన పాపమునకు, లొంగని క్రిమి అంటుచుండెను. రోగము బయటినుండి వచ్చినది కాదు. ఆసుపత్రియే దానిని పెంచినది.

ఆసుపత్రి పెంచినదానిని ఆసుపత్రియే తగ్గింపగలదా? 1950 తరువాతి దశకములో కొత్త మందులు వరుసగా వచ్చుచుండుటచే, ఈ ప్రశ్న వేయు అవసరము పలువురకు తోచలేదు. ఆ దశకము చివర హామర్‌స్మిత్‌లో బార్బర్, ఆమె సహచరులు ఆసుపత్రి అంతటికిని ఒక కట్టుబాటు చేసిరి. పెనిసిలిన్ వాడుకను మిక్కిలి తగ్గించవలెను. ఇతర ఆంటీబయాటిక్ మందులను ఒంటిగా గాక జంటగా ఇయ్యవలెను. క్రిములు రోగినుండి రోగికి ప్రాకకుండ కాపాడవలెను. లొంగని క్రిముల పాలు తగ్గెను. ఈ సంగతి 1960లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడెను. జంటమందుల నియమమును నేడు అన్ని వ్యాధులకును పాటించుట లేదు. క్షయకు మాత్రము అది ప్రాణము. మూడు నియమములను ఒక్కమారే అమలు జరిపినందున, ఏది ఎంత మేలు చేసెనో విడదీసి చెప్పజాలము. అయినను, పోయిన మందును తిరిగి తెచ్చుకొనవచ్చునని తెలిసినది.

మన దేశములో ఇట్టిదే మరియొక విధముగా జరిగినది. టైఫాయిడునకు చవకయైన మందు క్లోరంఫెనికాల్. దానికి లొంగని టైఫాయిడు క్రిములను 1972లో కేరళలోని కాలికట్‌లో గుర్తించిరి. వైద్యులు క్రమముగా వేరు మందులకు మరలిరి. కొన్నేండ్లకు, మన నగరములలో పలుచోట్ల టైఫాయిడు క్రిములు క్లోరంఫెనికాల్‌కు మరల లొంగుచున్నట్లు ప్రయోగశాలలు కనుగొన్నవి. ఇక్కడ ఎవ్వరును పూనికతో ఆ మందును దాచలేదు. పనిచేయుట లేదని విడిచిరి, అంతే.

ధనికమైన ఆసుపత్రికి ఒక మందు పోయిన మరియొకటి కొనుటకు డబ్బుండును. తాలూకా ఆసుపత్రి సంగతి వేరు. పుట్టిన వారమునకే రక్తమున క్రిములు చేరిన శిశువునకు అక్కడ తొలుత ఇచ్చునవి ఆంపిసిలిన్, జెంటామైసిన్ వంటి పాత మందులే. అవి పనిచేయకున్న తరువాతి సూదిమందు ధర పెక్కింతలు. ఒక్కొక్కప్పుడు అది అలమరలోనే ఉండదు. కాబట్టి పొదుపు ఎక్కువగా కావలసినది పేద ఆసుపత్రికే.

అందుకు గొప్ప నిపుణులు కావలెనా? దక్షిణాఫ్రికాలో 2009 నుండి 2014 వరకు 47 ఆసుపత్రులలో, అంటువ్యాధులలో ప్రత్యేక శిక్షణ లేని ఫార్మసిస్టులు ఈ పని చేసి చూపిరి. వారు అడిగినవి ఐదే: మందుకు ముందు రక్తము, చీము మొదలగునవి పరీక్షకు పంపిరా? మందు ఏడు రోజులు దాటినదా? పదునాలుగు దాటినదా? ఒకేసారి నాలుగింటికి మించి ఇచ్చుచున్నారా? ఒకే క్రిమిపై రెండు మందులు అనవసరముగా పడుచున్నవా? నూరు పడకలు ఒక దినము నిండియున్నచో సగటున 101 రోజువారీ మోతాదులు ఖర్చగుచున్న చోట, 83 సరిపోయినవి.

ప్రయోగశాల లేని ఆసుపత్రిలో మొదటి ప్రశ్నకు తావు లేదు. తక్కిన నాలుగింటికి కావలసినవి మందు మొదలిడిన తేదీ స్పష్టముగా వ్రాసిన కేసు షీటు, ప్రతి ఉదయము దానిని చదివి రోజులు లెక్కించు మనిషి, ఆ మనిషి చిన్న ఉద్యోగియైనను అతని మాట వినిపించుకొను వైద్యుడు.