ఆరో రోజు లెక్క

మా పెద్దకొడప్‌గల్ దిక్కు నుంచి కాన్సర్ పేషంటును హైదరాబాద్ ఐసీయూకు తెచ్చినవాళ్లు నన్నడిగేది ఒక్కటే: "సిస్టరమ్మా, మనిషి దక్కుతడా? ఖుల్లా చెప్పు." నాది వాళ్ల ఊరేనని తెలిస్తే "బిడ్డా" అని చెయ్యి పట్టుకుని మరీ అడుగుతారు. నాందేడ్ రోడ్డు మీద దాదాపు 150 కిలోమీటర్లు వచ్చి ఉంటారు. ఇంకా అప్పు చెయ్యాల్నా, ఆగాల్నా తేల్చుకోవాలి.

మనిషి దక్కుతడా అన్న ఈ లెక్క పాతదే. చరకసంహితలో ఇంద్రియస్థానం 12 అధ్యాయాలూ చావు సూచనల గురించే. మన వైద్యగ్రంథం బసవరాజీయం మొదలయ్యేదే నాడీపరీక్షతో. నాడి చూసి "ఇంటికి తీస్కపోండ్రి" అన్న పాతకాలపు వైద్యుణ్ణి చేతకానివాడని నేననను. ఎందరి పొలాలో అమ్ముడుపోకుండా ఆపి ఉంటాడు.

1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో వచ్చినప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ రోగుల గొంతులో గొట్టం పెట్టించి, వైద్య విద్యార్థులను కూర్చోబెట్టి చేత్తోనే ఊపిరి కొట్టించాడు. ఐసీయూ అలా పుట్టింది. మన రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే కాన్సర్ ఆసుపత్రి 1955 నాటిది. ఇంచుమించు ఒకే ఈడువి, కానీ కాన్సర్ రోగికి ఐసీయూ తలుపు చాలా ఏళ్లు సరిగా తెరుచుకోలేదు. మూలుగ మార్పిడి తర్వాత వెంటిలేటర్ ఎక్కినవాళ్లలో 90 శాతానికి పైగా పోయారని ఆనాటి నివేదికలు చెప్పేవి. డాక్టర్లు వెనకాడారంటే ఆశ్చర్యమేముంది?

1985లో విలియం నాస్ బృందం 13 ఆసుపత్రుల్లోని 5,815 ఐసీయూ కేసులతో, చావు ముప్పును అంకెలో చెప్పే అపాచీ-2 స్కోరు తెచ్చింది. బీపీ, ఊపిరి, సోడియం వంటి 12 కొలతలు, వాటికి వయసు, పాత జబ్బులు కలిపితే గరిష్ఠం 71. 1996లో సోఫా స్కోరు వచ్చింది: ఆరు అవయవ వ్యవస్థలు, ఒక్కోదానికి 4 మార్కుల దాకా. కాన్సర్ రోగుల కోసమే 1998లో జెఫ్రీ గ్రోగర్ బృందం వేరే లెక్క కట్టింది. అన్నిటికీ ఒకటే లోపం. ఇలాంటి వందమందిలో ఎందరు పోతారో చెబుతాయి గాని, ఆ పోయేవాళ్లలో మీ నాయన ఉన్నాడా అంటే చెప్పలేవు. షిఫ్టు మారేటప్పుడు మేం ఆ అంకెను జాతకంలా చదువుతుంటాం, అది వేరే సంగతి.

నాకు నచ్చిన మాట 2007లో పారిస్‌ సెయింట్ లూయీ ఆసుపత్రి నుంచి వచ్చింది. వెంటిలేటర్ అవసరమైన 188 మంది కాన్సర్ రోగులను ఐసీయూలో చేర్చుకుని, ఏ లోటూ లేకుండా వైద్యం చేసి, ఆ తర్వాతే నిర్ణయిద్దామన్నారు. మొత్తమ్మీద బతికింది నూటికి 22 మంది లోపే. కానీ ఎవరు బతుకుతారో చేరిన రోజు స్కోరు కంటే ఆరో రోజు స్కోరు మెరుగ్గా చెప్పింది. మూడు రోజులు దాటాక కొత్తగా వెంటిలేటరో, బీపీ పెంచే మందో, డయాలసిసో మొదలుపెట్టాల్సి వచ్చినవాళ్లలో ఒక్కరూ మిగల్లేదు. కాబట్టి చేర్చుకునేటప్పుడే ఇంటివాళ్లకు ఆరో రోజు మాట చెప్పి పెట్టాలంటాన్నేను. అప్పు ఎంతవరకో వాళ్లూ చూసుకుంటారు.

అయితే పూర్తిగా మంచాన పడినవాళ్లను, కాన్సర్‌కు ఇక మందు లేదని తేలినవాళ్లను ఆ పారిస్ అధ్యయనంలో కలపలేదు. వాళ్లకు కావలసింది నొప్పి తగ్గించే మార్ఫిన్, ఇంట్లో మంచం.