న్యూజెర్సీ తీరమున సొరచేపలు

సముద్రమున సొరచేప యున్నదని మన తీరపు పల్లెకారులకు నెవ్వరును నేర్పనక్కఱలేదు. కాని అమెరికా తూర్పుతీరమున, 1916 వఱకును, ఆ చేప మనుష్యుని కఱచునా యనుటయే వాదముగా నుండెను. ఆ వాద మెట్లు తీఱినదో విన్నవించెదను.

1891 లో హెర్మన్ ఓయల్‌రిక్స్ అను ధనికుఁడు, ఆ తీరపు సమశీతల జలములలో సొరచేప మనుష్యుని కఱచినట్లు నిరూపించినవారికి 500 డాలర్లు బహుమాన మిచ్చెదనని ప్రకటించెను. ఏండ్లు గడచినను దాని నడుగ నెవ్వరును రాలేదు. పండితులకును ఇదియే సాక్ష్యమయ్యెను. న్యూయార్కు ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలాధ్యక్షుఁడగు ఫ్రెడరిక్ లూకస్, మనుష్యుని కాలియెముకను తెగఁగొఱుకు బలము సొరచేప దవడలకు లేదని తలంచెను.

1916 వేసవిని న్యూయార్కునందు పిల్లల కాళ్లు చచ్చుపడఁజేయు పోలియో వ్యాధి ప్రబలెను. ఎండలును మిక్కుటము. జనులు వేలకొలఁది సముద్రతీరమునకుఁ జేరిరి. జూలై 1వ తేదీ సాయంకాలమున బీచ్ హేవెన్ వద్ద ఈదుచున్న యొక యువకుని తొడను సొర చీల్చెను. అతఁడు నెత్తురు పోయి మరణించెను. అయినను సముద్రస్నానములు నిలువలేదు. 6వ తేదీని, అచ్చటికి 45 మైళ్ల యుత్తరమున స్ప్రింగ్ లేక్ వద్ద, హోటలు సేవకుఁ డొకఁడు కాళ్లు తెగి ప్రాణములు విడిచెను.

12వ తేదీని జరిగినది మఱియు ఘోరము. మటావన్ గ్రామము సముద్రపు టొడ్డున లేదు. ఆటుపోటులు వచ్చు నొక యేటి గట్టున నున్నది. ఆనాఁడు కాట్రెల్ అను వృద్ధ నావికుఁడు వంతెనమీఁదనుండి, యేటిలో నెదురెక్కుచున్న సొరచేపను జూచి, ఊరిలోనికిఁ బరుగిడి హెచ్చరించెను. ఏటిలో సొరచేప యేమని జనులు నవ్విరి. కొంతసేపటికే 11 ఏండ్ల బాలుని సొర లాగుకొనిపోయెను. వాని దేహమును వెదకుటకు నీట దిగిన దర్జీ యువకుఁడును కఱవఁబడి నాఁటి సాయంకాలమే మరణించెను. పిమ్మట నేటి దిగువను మఱియొక బాలుఁడు కఱవఁబడెను. తోడివారు లాగుటచే వాఁడు మాత్రము బ్రదికెను.

పండ్రెండు దినములలో నలువురు చనిపోయిరి. 14వ తేదీని రారిటన్ అఖాతమునఁ బట్టుపడిన ఏడున్నర యడుగుల తెల్లసొర కడుపున మానవుని మాంసమును ఎముకలును కనఁబడెను. దాడులు నిలిచినవి, పండితుల మతమును మాఱెను. ఏటిలోఁ గఱచినది మాత్రము మంచినీటఁ దిరుగఁగల వేఱు జాతి సొర యని కొందఱు శాస్త్రజ్ఞులు నేఁటికిని వాదింతురు.

కనఁబడలేదు గనుక లేదనుట యెల్లయెడలఁ జెల్లదు. ఉన్నచోఁ గనఁబడి తీఱునను నిశ్చయ మున్నపుడే యది ప్రమాణము. దీనినే యోగ్యానుపలబ్ధి యని మా గురువులు తర్కపాఠమున బోధించిరి. లోతు సముద్రమున నట్టి నిశ్చయ మెక్కడిది? బహుమానమునకు రాఁదగినవాఁడు సముద్రగర్భమున నుండవచ్చును గదా!

తరువాతి భయమును మేర మీఱినదే. కఱచినది యొకటి రెండైనను, ఆ తీరమున వందలకొలఁది సొరలను జంపిరి. నేఁడు లోకమంతటను సొరకాటునఁ జనిపోవువారు సాధారణముగా నేఁటికిఁ బదిమందికి లోపే. తెల్లసొరను పట్టరాదని 1997 లో ఆ తీరమున శాసించిరి.

ఆప్తుఁ డనఁగాఁ జదివినవాఁడు మాత్రమే కాఁడు. చూచినదానిని చూచినట్లు చెప్పువాఁడు. మటావనునందు ఆనాఁడు ఆప్తుఁడు కాట్రెల్ ఒక్కఁడే. అతని మాట వినియుండినచో ఆ బాలుఁడు, ఆ దర్జీయు ఇల్లు చేరియుందురు.