శౌరయ్య, రాయప్ప: రెండు నామాల వ్యుత్పత్తి

1598లో మైలాపూరు శాంతోమ్ నుండి జెసూట్ గురువులు చంద్రగిరిలోని వేంకటపతిరాయల కొలువుకు వచ్చారు. వారి సంఘం మతప్రచారం వెంట ఐరోపా నామాలు దక్షిణాది భాషలలోకి రెండు దారుల్లో చేరాయి. ఇటాలియన్ పియెత్రో, స్పానిష్ పేద్రోలకు మూలార్థం ‘రాయి’. పావొలో, పాబ్లోలకు ‘చిన్నవాడు’. తెలుగు కథోలికుల రాయప్ప, చిన్నప్ప వీటికి అనువాదాలే. ఇగ్నాసియో మాత్రం ధ్వనిని బట్టి ఇన్నాసి, ఇన్నయ్య అయింది.

హావియేర్ తీరు వేరు. ఫ్రాన్సిస్ జేవియర్ పుట్టిన కోట పేరది. బాస్కు భాషలో ‘క్రొత్త ఇల్లు’ అని అర్థం. తమిళంలో సవరిగా, తెలుగులో శౌరిగా, శౌరయ్యగా మారింది. శౌరి కృష్ణనామం కూడా కావడంతో విదేశీ మూలం మరుగున పడింది. కనుక ఊరి పేర్లలో శౌరి కనబడగానే శూరుని వంశీయుడని వ్యుత్పత్తి చెప్పడం తొందరపాటే. ఆ ఇంట ఇన్నయ్య, చిన్నప్ప ఉన్నారేమో ముందు చూడాలి.