పదో రోజు నెత్తురు

కిడ్నీ రాయి ఆపరేషన్ చరిత్రని కోత చిన్నదవుతూ వచ్చిన కథగా చెప్తుంటారు. పక్కటెముకల కింద జానెడు కోసిన రోజుల నుంచి వీపులో వేలు పట్టేంత రంధ్రం దాకా. నిజమే, కానీ గుమ్మఘట్ట లాంటి ఊరి నుంచి చూస్తే అది సగం కథే.

గుండె పంపే రక్తంలో దాదాపు అయిదో వంతు, నిమిషానికి లీటరు పైచిలుకు, కిడ్నీల్లోకే పోతుంది. రక్తనాళాలు తక్కువగా ఉండే హద్దు కోసం వియన్నాలో హిర్ట్‌ల్ వెతికాడు. 1901లో జాన్స్ హాప్కిన్స్ చిత్రకారుడు మాక్స్ బ్రోడెల్ వివరించిన గీతకి ఇప్పటికీ అతని పేరే. చర్మం మీద కోత ఎంత తగ్గినా, లోపల గుచ్చేది ఈ నెత్తుటి ముద్దనే.

1953లో స్టాక్‌హోమ్‌లో సెల్డింగర్ ఒక తేలికైన ఉపాయం చెప్పాడు: సూది గుచ్చు, అందులోంచి తీగ పంపు, సూది తీసెయ్, తీగ మీదుగా గొట్టం తొయ్. 1976లో ఫెర్న్‌స్ట్రోమ్, యోహాన్సన్ వీపులోంచి కిడ్నీకి దారి వేసి రాయి తీసే పద్ధతిని ప్రకటించారు. ఇప్పటి పీసీఎన్ఎల్ మూలం అదే. దీనికంటే ముందే, 1973లో, బయాప్సీ సూది వల్ల కిడ్నీలో ధమనీ సిరా కలిసిపోతే బుక్‌స్టీన్, గోల్డ్‌స్టీన్ రక్తనాళం లోపలి నుంచే ఆ కొమ్మని మూసేశారు. గాయం చేసేదీ, దాన్ని మూసేదీ ఒకటే తీగ విద్య!

పీసీఎన్ఎల్ తర్వాత ఈ మూసివేత అవసరమయ్యేది వందలో ఒకరికి, అటూ ఇటూగా. చిక్కల్లా అది వచ్చే టైముతోనే. చిరిగిన ధమని గోడకి గడ్డకట్టిన రక్తం అడ్డుపడి ఆగినట్టే ఉంటుంది. వారం పది రోజులకి ఆ గడ్డ కరుగుతుంది. పక్కనే బుడగలా ఉబ్బిన చోటు పగిలి మూత్రంలోకి నెత్తురు దిగుతుంది. టెస్టింగ్‌లో దొరకని బగ్ కస్టమర్ దగ్గర బయటపడటం మా వృత్తిలో మామూలే. ఇక్కడ కస్టమర్ ఒంటరిగా ఇంట్లో ఉంటాడు.

ఆ ఇల్లు గుమ్మఘట్టలో ఉందనుకోండి. వేదవతి మీద భైరవానితిప్ప ప్రాజెక్టు ఈ మండలంలోదే. అయినా కరువు నేల. ఎండలో శనక్కాయ చేలో పనిచేస్తూ నీళ్ళు తక్కువ తాగితే మూత్రం చిక్కబడి రాళ్ళు కడతాయి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. అలా పెద్దాసుపత్రి ఆపరేషన్లు కూలీకీ అందాయి. అది చిన్న సంగతి కాదు. కానీ ఆపరేషన్ అయ్యాక మూడు నాలుగు రోజులకి మనిషి బస్సెక్కి ఊరికొచ్చేస్తాడు. రక్తనాళంలోకి తీగ పంపే గది పెద్ద ఊళ్ళోనే ఉండిపోతుంది.

డిశ్చార్జి కాగితం ఇంగ్లిషులో. నోటితో చెప్పిన మాట మాత్రం బాగా గుర్తుంటుంది: "ఎర్రగా పోవడం మామూలే, నీళ్ళు బాగా తాగు." మొదటి రెండు మూడు రోజులకి అది సరైన మాటే. పదో రోజు రాత్రి గడ్డలు గడ్డలుగా పడుతున్నప్పుడు కూడా ఇంట్లోవాళ్ళు దాన్నే తలుచుకుని, ఇంకో చెంబు నీళ్ళిచ్చి, తెల్లారనీ చూద్దాం అంటారు.