మాటల్లేని సంగీతం కోసం వెతుకుతూ

కథ రాసేటప్పుడు ఏం వింటారని ఆ మధ్య నలుగురం రచయిత్రులం కలిసినప్పుడు అడిగాను. ఒకామె ఫ్యాను చప్పుడు అంది. ఇంకొకామె కుక్కరు విజిల్స్ అని నవ్వింది. మూడు విజిల్స్ లోపు ఒక పేరా పూర్తి చేయడం తనకి అలవాటైపోయిందట. అందరం నవ్వాం గానీ ఆ నవ్వు వెనక ఏముందో అందరికీ తెలుసు. మనలో చాలామందికి రాసుకోడానికి ఒక గది లేదు. కనీసం చెవుల చుట్టూ అయినా ఒక గోడ కట్టుకుందామని నేను సంగీతం పెట్టుకోవడం మొదలుపెట్టాను.

రాత్రి పది దాటాక డైనింగ్ టేబుల్ తుడిచి, ఇయర్‌ఫోన్స్ తగిలించుకుని కూర్చునేదాన్ని. అయితే ఏం వినాలి? పాత సినిమా పాటలు పెడితే వాటి మాటలు నా వాక్యాల్లోకి వచ్చేసేవి. గజల్స్ సగమే అర్థమయ్యేవి, మిగతా సగానికి అర్థం వెతుక్కోవడంతోనే పొద్దుపోయేది. కీర్తనలు పెడితే చిన్నప్పుడు పాట తప్పినందుకు తిన్న చీవాట్లు గుర్తొచ్చేవి. చివరికి మాటల్లేని సంగీతమే మంచిదని తేల్చుకుని వీణ దగ్గర ఆగాను. చాలా నెమ్మదిగా సాగే ఒక పదం. ఎవరు రాశారో, అందులో ఏముందో పట్టించుకోలేదు. రెండేళ్లు నా నవల ఆ వీణ పక్కనే నడిచింది.

ఆ నవల్లో ఒక చోట చిక్కుకుపోయాను. భర్త పోయిన యాభై ఏళ్ల స్త్రీ తనకిష్టమైన మనిషిని ఇంటికి పిలుస్తుంది. ఏం కావాలో తనే నోరు తెరిచి అడుగుతుంది. రాసిన నాలుగు పేజీలూ కొట్టేసి, ఆ రాత్రి వాన కురిసిందని ఒక్క వాక్యం పెట్టాను. సూచనగా చెప్పడమే శిల్పం అని సర్దిచెప్పుకున్నాను. భయం అని ఒప్పుకోలేదు.

ఆ రోజుల్లోనే ఒక స్నేహితురాలు నేను వింటున్నది విని, "ఇది క్షేత్రయ్య పదం కదా, సాహిత్యం తెలుసా?" అంది. తెలియదన్నాను. తెలుగు పదం. వింటున్నది తెలుగు రచయిత్రి. రెండేళ్లుగా అందులో ఒక స్త్రీ మాట్లాడుతోందన్న సంగతే నాకు తెలియదు. సాహిత్యం సంపాదించి చదివితే, నేను కొట్టేసిన పేజీల్లోని స్త్రీ కంటే ఈమె ఎంతో నిబ్బరంగా మాట్లాడుతోంది.

పదిహేడో శతాబ్దపు క్షేత్రయ్యది కృష్ణా జిల్లా మొవ్వ అంటారు. ఆయన పదాల్లో నాయికలు వలచి పిలుస్తారు, దెప్పుతారు, లెక్క తేల్చమంటారు, ఇక రావద్దని పొమ్మంటారు. అవి మగవాడు రాసిన ఆడగొంతులు కదా అని మనలో కొందరికి అనుమానం ఉంది. నాకూ ఉంది. కానీ వాటిని తరతరాలుగా నోటి నుంచి నోటికి మోసినవాళ్లు దేవదాసీ, కళావంతుల కుటుంబాల స్త్రీలు. ఏ మాట దగ్గర ఆగాలో, ఏ మాటను వెటకారంగా, ఏ మాటను దిగులుగా పలకాలో వాళ్లే నిర్ణయించారు. ఒకే పంక్తిని పదిరకాలుగా పాడి పది అర్థాలు తీశారు. అది రచన కాకపోతే మరేమిటి?

ఆ వీణ మూలాలు వెతుక్కుంటూ వీణ ధనమ్మాళ్ (1867-1938) దగ్గరికి చేరాను. మద్రాసులో శుక్రవారం సాయంత్రాలు తన ఇంట్లోనే వీణ వాయించేవారు. పదాలకు ఆ ఇల్లు నిధి. మనవరాళ్లు బృంద, ముక్త వాటిని పాడి నిలబెడితే, మరో మనవరాలు బాలసరస్వతి అభినయించి నిలబెట్టింది. శృంగారాన్ని శుద్ధి చేయాలన్న వాళ్లతో, అందులో కడగాల్సిందేమీ లేదని బాలసరస్వతి జీవితాంతం వాదించింది. ధనమ్మాళ్ వాయిస్తుంటే ఎవరైనా చిన్న చప్పుడు చేసినా సహించేవారు కాదట. నేను ఆ బాణీని రెండేళ్లపాటు పక్కింటి టీవీ వినబడకుండా ఉండడానికి వాడుకున్నాను!

మాటలు తీసేసిన చరిత్ర ఇంకా వెనక్కి పోతుంది. పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరులో ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనం కథ మనకు తెలిసిందే. బెంగుళూరు నాగరత్నమ్మ చూసిన అచ్చుప్రతిలో కవయిత్రి తన గురించీ తన వంశం గురించీ చెప్పుకున్న పీఠిక లేదు. కొన్ని పద్యాలూ లేవు. నాగరత్నమ్మ వెతికి పూర్తి పాఠాన్ని 1910లో అచ్చు వేయిస్తే, అశ్లీలమని 1911లో పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు. ఆ నిషేధం 1947 దాకా పోలేదు. సూసీ తారు, కె. లలిత 1991లో భారతీయ స్త్రీల రచనల సంకలనం తెచ్చినప్పుడు ఈ కథతోనే ముందుమాట మొదలుపెట్టారు. ఆ పుస్తకం నా బీరువాలో ఎన్నేళ్లుగానో ఉంది. ముద్దుపళని మీద రెండు సభల్లో మాట్లాడాను కూడా. నా నవల్లో పేజీలు కొట్టేసినప్పుడు మాత్రం ఆ పోలీసు చేసిన పనే నేనూ చేస్తున్నానని తట్టలేదు.

దానికి ముందు 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గ్రామఫోను రికార్డులిచ్చింది. పాట అయిపోగానే ఇంగ్లీషులో తన పేరు గట్టిగా చెబుతుంది. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలో కాబట్టి, అక్కడివాళ్లకు ఏది ఎవరిదో తెలియడానికి ఈ పద్ధతి పెట్టారంటారు. కారణమేదైనా, పేరున్న పీఠికను చింపేసిన కాలంలోనే ఒక స్త్రీ తన పేరును తన గొంతుతోనే లక్క మీద చెక్కించింది.

ముద్దుపళని పుస్తకానికి విడుదల దొరికిన 1947లోనే మద్రాసు రాష్ట్రంలో దేవదాసీలుగా ఆడపిల్లలను అంకితమివ్వడాన్ని నిషేధించే చట్టం వచ్చింది. ఆ వ్యవస్థకు నేను మెరుగులు దిద్దడం లేదు. చిన్నపిల్లలను దేవుడి పేర అప్పగించిన దుర్మార్గం ఆగి తీరాల్సిందే. తెలంగాణలో జోగినీలు పడ్డ బాధ తెలిసినవాళ్లెవరూ ఇంకోలా అనలేరు. అయితే అంకితాన్ని ఆపడం వేరు, ఆ స్త్రీల కళను సిగ్గుపడాల్సిన విషయంగా మార్చడం వేరు. గోదావరి జిల్లాల కళావంతుల స్త్రీలు ఆ తర్వాత కూడా ఇళ్లలోనే, తమవాళ్ల మధ్యనే, పదాలూ జావళీలూ పాడుకుంటూ వచ్చారని దవేష్ సోనేజీ 2012లో వచ్చిన పుస్తకంలో రాశారు. అది చదివినప్పుడు మా డైనింగ్ టేబుల్ గుర్తొచ్చింది. కానీ నాది రాత్రి దొరికే రెండు గంటల ఏకాంతం. వాళ్లది బయట చోటు లేక లోపలికి తెచ్చుకున్న వేదిక. రెంటినీ ఒకటనడం నాకు తగదు.

ఎందుకంటే నేను పుట్టింది ఆ పాటల్ని దూరంగా పెట్టిన ఇంట్లో. మా అమ్మ పెళ్లి కోసం వీణ నేర్చుకుంది. పెళ్లిచూపుల్లో వాయించిన కీర్తనే ఆఖరి కచేరీ. ఆ తర్వాత వీణ పాత చీర చుట్టుకుని అటక మీదికి చేరింది. మొన్న ఆ పదం అమ్మకు వినిపించాను. కాసేపు విని వేళ్లు కదిలించింది. "ఇది నాకొచ్చు. మాస్టారు స్వరం మాత్రమే చెప్పారు. మాటలు నీకెందుకమ్మా అన్నారు" అంది.

ఇప్పుడు రాసేటప్పుడు ఏమీ వినడం లేదు. రాయడానికి కూర్చునే ముందు ఒక్క పదం, వేరే పనేదీ చేయకుండా, మాటలతో సహా వింటాను. తర్వాత ఆపేసి రాస్తాను. టీవీ చప్పుడు వినబడుతూనే ఉంటుంది. కొట్టేసిన నాలుగు పేజీలు ఆరయ్యాయి. వాన కురిసిన వాక్యం తీసేశాను.

అమ్మకు డెబ్భై ఆరేళ్లు. ఆ సాహిత్యం కాస్త పెద్ద అక్షరాల్లో రాసిమ్మని అడిగింది. రాసిచ్చాను.